కుందేలుకు వెనక కాళ్లు పడిపోయాయి, నెల్లూరు చుట్టుపక్కల ఎవరైనా ఇలాంటిది చూశారా?

వేదాయపాలెం వెన్నెల
మే 6, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. మా జున్ను కోసం రాస్తున్నాను. జున్ను మా తెల్ల కుందేలు, ఆడది, నాలుగేళ్లు నిండాయి.

ఈ ఉగాదికి కొత్త ఫ్లాటుకు మారాం. పాత ఇంట్లో నాపరాళ్లు, ఇక్కడ అద్దంలా మెరిసే నల్ల గ్రానైటు. వచ్చినప్పటి నుంచీ జున్ను గోడవారనే నడుస్తోంది, సోఫా ఎక్కడం మానేసింది. కొత్త చోటు కదా, బెదురుతోంది అనుకున్నాను. మొన్న శనివారం చుట్టాల పిల్లలు వచ్చారు. ఒక బాబు దాన్ని ముందు కాళ్ల కింద చేతులు పెట్టి ఎత్తాడు. వెనక భాగం గాలిలో వేలాడుతుంటే గట్టిగా తన్నుకుంది. దింపగానే మంచం కిందకు దూరింది. ఆదివారం తెల్లవారి చూస్తే వెనక కాళ్లు రెండూ కప్పకాళ్లలా పక్కలకు పరుచుకుని ఉన్నాయి. ముందు కాళ్లతో ఒంటిని లాక్కుంటూ కొత్తిమీర గిన్నె దగ్గరికి వచ్చింది. ఆ లాక్కోవడం చూసి మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఒక చోట చూపించాను. బి కాంప్లెక్స్ సూది వేసి, ఇక్కడ కుక్కలను, పిల్లులను మాత్రమే చూస్తామని, నడుము పోయిన కుందేలు ఇక లేవదని చెప్పి పంపేశారు. నిజంగా ఇక ఏమీ చేయలేమా?

పొదిలి పశువైద్యుడు
మే 6, రాత్రి 11:25

అమ్మా, ముందు కొన్ని సంగతులు చెప్పండి. మూత్రం మామూలుగా పోస్తోందా, చుక్కచుక్కగా కారుతోందా? పెంటికలు రోజూ వేసేటన్ని వేస్తోందా? మెడ ఒక పక్కకు వాలిందా? కంట్లో తెల్లటి మచ్చ ఏమైనా ఉందా? ఇంకొకటి, వెనక కాలి వేలును మీ రెండు వేళ్ల మధ్య పట్టి కొంచెం గట్టిగా నొక్కండి. కాలు వెనక్కి లాక్కుంటే చాలదు, ఆ పని వెన్నుపాము ఒక్కటే చేసేయగలదు. తల తిప్పి మీ చేతి వైపు చూస్తోందా, ఒళ్లు బిగించుకుంటోందా, అది గమనించండి. నొప్పి కబురు మెదడు దాకా వెళ్తోందో లేదో దాన్నిబట్టి తెలుస్తుంది.

నేను ఉద్యోగం విరమించిన పశువైద్యుణ్ణి. ఎక్కువగా చూసింది గేదెలను, గొర్రెలనే అయినా, కుందేళ్ల ఫారాలకూ చాలాసార్లు వెళ్లాను. కుందేలుకు తొడ కండలు మహా బలం, ఎముకలు మహా తేలిక. పిల్లి ఒంటి బరువులో ఎముకలు 12, 13 శాతం ఉంటే కుందేలుకు 7, 8 శాతమే. వెనక భాగానికి ఆధారం లేకుండా ఎత్తినప్పుడు తన్నుకుంటే, ఆ తన్ను దెబ్బకే నడుము చివరి పూసలు విరగవచ్చు. మీ జున్నుకు అదే జరిగిందని నేను అనడం లేదు. ఎక్స్‌రే తీయకుండా విరిగిందనీ చెప్పకూడదు, లేవదనీ చెప్పకూడదు.

అప్పటిదాకా చిన్న చోట, మెత్తటి పరుపు మీద ఉంచండి, గెంతనివ్వకండి. ఇంట్లో మిగిలిపోయిన అమాక్సిసిలిన్ లాంటి మందులు మాత్రం నోట్లో వేయకండి. పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా వెళ్తే కుందేలు పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చనిపోయి, విరేచనాలు పట్టుకుని ప్రాణం మీదికి వస్తుంది.

చీమకుర్తి రాయి
మే 7, ఉదయం 6:15

అక్కా, ఆ నల్ల రాతిలో బంగారు చుక్కలు మెరుస్తుంటే అది మా ఊరి గెలాక్సీ గ్రానైటే. నేను పదిహేనేళ్లుగా ఆ రాయికి పాలిష్ పెట్టే పని చేస్తున్నాను కాబట్టి చెబుతున్నాను. అంత నునుపు పెట్టాక తడి కాలితో మనిషే నిలబడలేడు. కుక్కకు, పిల్లికి అరికాలి మెత్తలుంటాయి, కుందేలుకు ఉండవు. దాని అరికాలంతా వెంట్రుకలే. మట్టిలో గోరు దించి నడవాల్సిన జంతువు అది. మా ఇంట్లోనూ కుందేలు పిల్లలకు ఇదే సమస్య వచ్చింది. ఒకదానికి కాళ్లు పక్కలకు చీలిపోయి అలాగే పెరిగింది.

జంపఖానా పరిస్తే అది కూడా జారుతుంది. కింద రబ్బరు అంటించిన పట్టాలు వేయండి. యోగా చాపలు కూడా బాగా పనికొస్తాయి. అవి కొరుకుతుంటే పైన పాత దుప్పటి వేసి అంచులు కిందకు మడిచి కుట్టండి. అది తిరిగే చోటంతా వేయాలి, మధ్యలో ఒక్క అడుగు రాయి కూడా కనబడకూడదు.

ఒంగోలు గిత్త
మే 7, ఉదయం 9:02

డాక్టరు గారు మెడ వాలిందా, కంట్లో మచ్చ ఉందా అని ఎందుకు అడిగారో నాకు అర్థమైంది. మా కుందేలుకు దెబ్బ ఏమీ తగలలేదు. వారం రోజుల్లో కొంచెం కొంచెంగా వెనక భాగం ఊగడం మొదలై, ఆ తర్వాత కూలబడింది. అది ఎన్సెఫలిటోజూన్ క్యునిక్యులై అనే పరాన్నజీవి పని అన్నారు. కంటికి కనబడని సూక్ష్మజీవి, మూత్రంలో బయటికి వస్తుంది, గడ్డి మీద పడి మరో కుందేలు నోట్లోకి చేరుతుంది. చిన్నప్పుడు తల్లి నుంచే సోకి, ఏళ్లపాటు ఒంట్లో నిద్రపోయి, ఏదో ఒక ఒత్తిడి తగిలినప్పుడు లేస్తుందట. మెదడు, మూత్రపిండాలు, కళ్లు, ఈ మూడింటి మీదే దాని దాడి.

మందు ఫెన్‌బెండజోల్. గొర్రెలకు కడుపులో పురుగుల మందుగా మనవాళ్లందరికీ తెలిసినదే. మాకు కిలో బరువుకు 20 మిల్లీగ్రాముల లెక్కన రోజుకొకసారి, 28 రోజులు రాశారు. పన్నెండో రోజుకు లేచి నిలబడింది. వెన్నెల గారూ, ఇల్లు మారడం కూడా కుందేలుకు ఒత్తిడే, ఈ కోణం కూడా అడగండి.

పొదిలి పశువైద్యుడు
మే 7, ఉదయం 9:40

గిత్త గారు చెప్పింది సరైనదే. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. గొర్రెకు ఒక్క పూట తాగించే మందును కుందేలుకు నెల రోజులు ఇస్తున్నాం. కొన్నింటిలో అది ఎముకల మూలుగను దెబ్బతీసి రక్తకణాలను తగ్గిస్తుంది. బరువు తూచి, డాక్టరు రాసిన లెక్కతోనే ఇవ్వాలి. సీసా చూసి అంచనాగా పోయవద్దు.

వేదాయపాలెం వెన్నెల
మే 7, మధ్యాహ్నం 1:10

డాక్టరు గారూ, మీరు చెప్పినట్లే చూశాను. ఎడమ కాలి వేలు నొక్కగానే తల తిప్పి నా చేతిని ముక్కుతో నెట్టింది. కుడి కాలికి గట్టిగా నొక్కితేగాని తెలియలేదు, కానీ తెలిసింది! మెడ నిటారుగానే ఉంది, కళ్లు తేటగా ఉన్నాయి. పెంటికలు వేస్తోంది, ముందుకన్నా చిన్నవిగా ఉన్నాయి. మూత్రం మాత్రం కూర్చున్న చోటే కారి కింద బొచ్చంతా పసుపుపచ్చగా అయింది. తోక పక్కన మెత్తటి పేడలాంటిది అంటుకుని ఉంది. బరువు వంటింటి తూకం మీద 2 కిలోల 50 గ్రాములు.

పొదిలి పశువైద్యుడు
మే 7, మధ్యాహ్నం 2:05

రెండు కాళ్లలోనూ స్పర్శ ఉంది. అంతకన్నా మంచి కబురు ఇవాళ వినలేను. ఇక ఆలస్యం చేయకండి. తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రికి గానీ, చెన్నై వేపేరిలోని పశువైద్య కళాశాలకు గానీ తీసుకువెళ్లండి. మీకు తిరుపతి దగ్గర. మత్తు ఇచ్చి ఎక్స్‌రే తీస్తారేమోనని కడుపు మాడ్చకండి. కుందేలుకు వాంతి రాదు, కాబట్టి కుక్కలా పస్తు పెట్టనక్కర్లేదు. కుందేలు పేగు ఎప్పుడూ కదులుతూ ఉండాలి. పన్నెండు గంటలు ఏమీ తినకపోతే కాళ్ల సంగతి పక్కనపెట్టి ముందు దానికే వైద్యం చేయాల్సి వస్తుంది.

తోక పక్కన అంటుకున్నది విరేచనం కాదమ్మా. కుందేలు రాత్రి వేళ ద్రాక్షగుత్తిలాంటి మెత్తటి పెంటికలు వేసి, నేలకు తగలకముందే నోటితో అందుకుని తినేస్తుంది. అందులోనే దానికి కావలసిన విటమిన్లు ఉంటాయి. నడుము వంగక జున్నుకు అవి అందడం లేదు.

కావలి సముద్రం
మే 7, సాయంత్రం 4:30

రోహిణి కార్తె రాకముందే మన దగ్గర 42 డిగ్రీలు దాటుతోంది. పగటి ప్రయాణం వద్దు తల్లీ. తెల్లవారుజాము రైలు పట్టుకోండి, తలుపున్న గట్టి బుట్టలో పెట్టండి. లీటరు నీళ్ల సీసాను రాత్రే గడ్డకట్టించి, తువ్వాలు చుట్టి దాని పక్కన పడుకోబెట్టండి. కుందేలుకు చెమట పట్టదు, ఒంటి వేడిని చెవుల్లోంచి వదులుతుంది. చెవులు కాలుతుంటే తడి వేళ్లతో వాటిని తుడవండి. ఐసు నీళ్లు ఒంటి మీద పోయకూడదు. రెండు చెంచాల నీళ్లతో తడిపిన కొత్తిమీర కట్ట ఒకటి లోపల వేస్తే తిండీ అదే, నీళ్లూ అవే.

వేదాయపాలెం వెన్నెల
మే 9, రాత్రి 9:15

వెళ్లి వచ్చాం. పూస విరగలేదు. ఎక్స్‌రే పలకను వెలుతురుకు పెట్టి, పెన్సిలు మొనతో చూపించి చెప్పారు. నడుము పూసల అడుగున ఎముక ముల్లులా పెరిగింది, రెండు పూసల మధ్య ఆ ముళ్లు దాదాపు కలిసిపోయాయి. స్పాండిలోసిస్ అన్నారు. నాలుగేళ్లకే అంటే తొందరగా వచ్చినట్లేనట. గ్రానైటు మీద ఇన్ని వారాలు జారి జారి ఆ నడుము అలసిపోయింది, శనివారం తన్నుకున్నప్పుడు నరం వాచింది. ఇది వాళ్ల అంచనా. పరాన్నజీవి కూడా ఉందో లేదో తేల్చే రక్తపరీక్ష వెంటనే అయ్యే పని కాదు కాబట్టి, ఫెన్‌బెండజోల్ 28 రోజులు కూడా వాడమన్నారు. నొప్పికి, వాపుకు మెలాక్సికామ్. స్టెరాయిడ్ వద్దన్నారు, కుందేలుకు రోగనిరోధక శక్తిని బాగా పడగొడుతుందట.

మూత్రం తిత్తిని నొక్కి ఖాళీ చేయడం నాకు నేర్పించారు. పొట్ట కింద చిన్న నిమ్మకాయలా తగులుతుంది. నా చేతి మీద వాళ్ల చేయి పెట్టి ఎంత నొక్కాలో చూపించారు. చూపించకుండా మీ అంతట మీరు చేయవద్దు, తిత్తి చిట్లిపోతుంది అని రెండుసార్లు హెచ్చరించారు. ఇది చదివేవాళ్లకు కూడా నేను అదే చెబుతున్నాను.

వాళ్లు ఎంత ఓపికగా చెప్పారంటే, రైల్లో కూర్చున్నాక నాకు ఏడుపు వచ్చింది.

ఒంగోలు గిత్త
మే 9, రాత్రి 9:50

పూస నిలబడింది! మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను.

మార్కాపురం పలక
మే 10, ఉదయం 7:20

వెన్నెల గారూ, నేను రాసేది చదవడానికి బాధగా ఉంటుంది, అయినా పూర్తిగా చదవండి. మూడేళ్ల కిందట మా బుల్లికి కూడా ఇలాగే వెనక కాళ్లు పడిపోయాయి. మందు పనిచేసింది. పదో రోజుకు ఎడమ కాలు కదిపింది. మేమంతా ఆ కాలునే చూస్తూ ఉన్నాం. రోజూ కాలు ఎంత కదిలిందో గోడ మీది క్యాలెండరులో రాసుకునేవాళ్లం. తోక కింద బొచ్చు తడిగా ఉందని తెలుసు. సాయంత్రం తుడుద్దాంలే అనుకునేవాళ్లం.

ఆషాఢంలో వానలు మొదలయ్యాయి. ఒకరోజు మధ్యాహ్నం బుల్లి పళ్లు కొరుకుతూ మూలన ఒదిగి కూర్చుంది. ఎత్తుకుని బొచ్చు విడదీసి చూశాను. తోక కింద చర్మం ఎర్రగా పుండైంది, ఆ పుండులో బియ్యపు గింజలంత తెల్లటి పురుగులు కదులుతున్నాయి. ఈగ ఉదయం గుడ్లు పెడితే మర్నాటికే పురుగులు ఒంట్లోకి తొలుచుకుపోతాయని ఆ తర్వాత తెలిసింది. పట్టకారుతో తీస్తూనే ఆసుపత్రికి పరుగెత్తాం. దారిలోనే పోయింది.

దాని ప్రాణం తీసింది కాళ్లు కాదండి, తడి. మీరు కాళ్ల కోసం రోజుకు పది నిమిషాలు పెడితే, వెనక భాగం కోసం అరగంట పెట్టండి. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, లైటు వేసుకుని, బొచ్చు పాయలు తీసి చూడండి. దోమతెర కడితే పగలు కూడా కట్టి ఉంచండి. ఒక్క ఈగ కూడా లోపలికి రాకూడదు.

వేదాయపాలెం వెన్నెల
మే 10, ఉదయం 8:05

చదివాను. వెంటనే లేచి జున్నును చూశాను. పురుగులు లేవు, కానీ చర్మం గులాబీ రంగులోకి తిరిగింది. మీరు రాయకపోతే నేనూ సాయంత్రం చూద్దాంలే అనుకునేదాన్ని. బుల్లి గురించి చెప్పినందుకు మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

ఎలా శుభ్రం చేయాలి? స్నానం చేయించవచ్చా?

ఉదయగిరి దుర్గం
మే 10, ఉదయం 10:30

వేపనూనె రాయండి, ఈగలు దగ్గరికి రావు. మేకల పుండ్లకు మేం అదే రాస్తాం. కుక్కల మెడ మీద వేసే గోమారి మందు చుక్కలు కూడా పనికొస్తాయి.

పొదిలి పశువైద్యుడు
మే 10, ఉదయం 10:48

దుర్గం గారూ, ఆ చుక్కలు వద్దు, దయచేసి ఎవరూ వేయవద్దు. వాటిలో ఎక్కువగా ఉండేది ఫిప్రోనిల్. కుక్కకు మందే, కుందేలుకు విషం. మూర్ఛలు వచ్చి చనిపోతుంది. వేపనూనె మేకకు సరే, కుందేలు మాత్రం ఒంటికి ఏది రాసినా నాకేస్తుంది. క్రిమిసంహారక ద్రావణాలు కూడా అంతే.

వెన్నెల గారూ, ఒళ్లంతా తడిపి స్నానం చేయించకండి. భయానికే గుండె ఆగిన కుందేళ్లున్నాయి. వెడల్పాటి పళ్లెంలో అంగుళం ఎత్తు గోరువెచ్చని నీళ్లు పోసి, వెనక భాగం మాత్రమే ముంచి, ఛాతీకి ఒక చేయి ఆధారం ఇచ్చి, వేళ్లతో మెల్లగా కడగండి. సబ్బు వద్దు. ఆ తర్వాత అద్ది అద్ది పూర్తిగా ఆరబెట్టాలి, సగం ఆరితే కడగనట్టే లెక్క. కొంచెమే అంటుకుంటే నీళ్లు కూడా వద్దు. మొక్కజొన్న పిండి (కార్న్‌ఫ్లోర్) చల్లి, వేళ్లతో నలిపి, మెత్తటి దువ్వెనతో దువ్వండి, పొడిపొడిగా రాలిపోతుంది. ముఖానికి రాసుకునే టాల్కం పౌడరు వాడకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తోక చుట్టూ బొచ్చు కత్తిరించవచ్చు, కానీ ఆ చర్మం కాగితంలా ఉంటుంది, ఇద్దరు మనుషులుంటేనే కత్తెర పట్టండి.

ఉదయగిరి దుర్గం
మే 10, ఉదయం 11:10

తెలియక రాశాను డాక్టరు గారూ. మా తమ్ముడు వాళ్ల కుందేలుకు నిరుడు ఆ చుక్కలే వేశారు. మూడో రోజు పోయింది. వయసైపోయి పోయిందనుకున్నాం.

కందుకూరు చేను
మే 11, సాయంత్రం 6:00

తిండి గురించి ఎవరూ అడగలేదు. జున్ను ఇన్నాళ్లూ ఏం తింటోంది?

వేదాయపాలెం వెన్నెల
మే 11, సాయంత్రం 6:25

క్యారెట్టు, కొత్తిమీర, పెసలు, అప్పుడప్పుడు బిస్కెట్టు. నాన్నగారు పొద్దున దోసె ముక్క పెట్టేవారు. గడ్డి పెట్టలేదండి. ఎండుగడ్డి సంచి చెన్నై నుంచి తెప్పించుకోవాలంటే చాలా ఖరీదు.

కందుకూరు చేను
మే 11, సాయంత్రం 7:15

అయితే నడుముకు ముందు పొట్టను బాగుచేయాలి. కుందేలు తిండిలో ముప్పాతిక పాలు పైన గడ్డే ఉండాలి. గడ్డి లేకపోతే పళ్లు అరగవు, పేగు కదలదు, ఒళ్లు కొవ్వెక్కుతుంది. కొవ్వెక్కిన ఒంటిని ఆ నడుము మోయలేదు. పెసలు, బిస్కెట్లు, దోసె ఇవాళే ఆపేయండి. క్యారెట్టు దుంప తీపి పదార్థం, వారానికి రెండు ముక్కలు చాలు.

ఖరీదైన గడ్డి అక్కర్లేదు. మన చేలగట్ల మీద పెరిగే గరిక కన్నా మంచి గడ్డి కుందేలుకు లేదని నా నమ్మకం. ఉదయం మంచు ఆరాక కోసి, కొంత పచ్చిగా వేయండి, మిగతాది మేడ మీద నీడపట్టున పలచగా పరచండి. ఎండలో వేస్తే తెల్లబడి పిప్పి అవుతుంది, నీడలో ఆరితే ఆకుపచ్చదనం, వాసన నిలుస్తాయి. మన ఎండాకాలంలో రెండు రోజులు చాలు. చేతిలో నలిపితే టీ ఆకులా గలగలమనాలి. మెత్తగా ఉంటే బూజు పడుతుంది. పురుగుమందు కొట్టిన వరిచేల గట్లు మాత్రం వదిలేయండి. నెల్లూరులో వరి ఎక్కువ కాబట్టి, రైతును అడిగి కోయండి. వరిగడ్డి పళ్లు అరగడానికి పనికొస్తుంది కానీ బలం ఇవ్వదు. నేపియర్ గడ్డి లేతగా ఉన్నప్పుడు బాగా తింటాయి.

రెండు మాత్రం పొరపాటున కూడా వద్దు. మా వైపు కాగితపు గుజ్జు కోసం ఎకరాలకెకరాలు సుబాబుల్ వేస్తారు. ఆకు మెత్తగా, ఊరికే దొరుకుతుంది, కుందేలు ఎగబడి తింటుంది. అందులో మిమోసిన్ ఉంటుంది, రోజూ పెడితే బొచ్చు ఊడి ఒళ్లు చిక్కిపోతుంది. రెండోది నీళ్లందక వాడిన లేత జొన్న. అందులోని విషంతో పశువులే నాము పట్టి పడిపోతాయి, కుందేలు ఎంత?

ఆకుకూరల్లో కొత్తిమీర, పుదీనా, మెంతికూర రోజూ పెట్టవచ్చు. పాలకూర, తోటకూర తక్కువగా పెట్టాలి. మునగాకులో సున్నం ఎక్కువ, మూత్రం సమస్య ఉన్న కుందేలుకు పెట్టకపోవడమే మేలు.

చీమకుర్తి రాయి
మే 12, ఉదయం 6:40

పట్టాలు వేశారా అక్కా?

వేదాయపాలెం వెన్నెల
మే 12, ఉదయం 9:00

హాలు సగం వేశాను తమ్ముడూ. మిగతా సగం అట్టపెట్టెలు అడ్డం పెట్టి మూసేశాను. నాన్నగారు రోజూ పొద్దున నడకకు వెళ్లి గరిక కోసుకొస్తున్నారు. దోసె ముక్క ఆపమన్నప్పుడు మనసు కష్టపెట్టుకున్నారు. ఇప్పుడు పిడికెడు గరిక తెచ్చి తానే తినిపిస్తున్నారు.

పెన్న గట్టు
మే 16, రాత్రి 11:30

వెన్నెల గారూ, కోపం తెచ్చుకోకండి. పది రోజులుగా ఈ చర్చ చదువుతున్నాను. అది లాక్కుంటూ బతకడం దానికి హింస కాదా? విదేశాల్లో ఇలాంటి వాటిని నొప్పి తెలియకుండా నిద్రపుచ్చుతారు. మీరు దాని కోసం ఉంచుతున్నారా, మీ కోసం ఉంచుతున్నారా అని ఆలోచించారా?

వేదాయపాలెం వెన్నెల
మే 17, ఉదయం 5:50

కోపం లేదు. రాత్రంతా అదే ఆలోచించాను.

నాకు కనబడేది చెబుతాను. నా అడుగుల చప్పుడు వినగానే చెవులు నిలబెడుతుంది. గరిక వాసనకు ముక్కు ఆడిస్తుంది. నుదురు నిమిరితే కళ్లు మూసి పళ్లు మెల్లగా టకటకలాడిస్తుంది. మొదటి మూడు రోజులు అలా లేదు, పళ్లు గట్టిగా కొరికేది, ముఖం గోడకు తిప్పుకునేది. మందు పడ్డాక అది పోయింది. తినడం మానేసి, ముఖం మళ్లీ గోడకు తిప్పుకున్న రోజు నేనే అడుగుతాను. ఇప్పుడు మాత్రం అది నన్ను అడుగుతోంది, గరిక ఏదని.

పొదిలి పశువైద్యుడు
మే 17, ఉదయం 7:30

పెన్న గట్టు గారి ప్రశ్న తప్పు కాదు. నేను ఆ పని నా చేతులతో చేసినవాణ్ణి, అవసరమైనప్పుడు అదీ దయే. కానీ ఈ కుందేలుకు రెండు కాళ్లలో స్పర్శ ఉంది, తింటోంది, నొప్పి అదుపులో ఉంది. మందు మొదలుపెట్టి వారం దాటింది, అంతే. నరం వాపు తగ్గడానికి వారాలు పడుతుంది. కనీసం ఆరు వారాలు చూడకుండా ఏ నిర్ణయం తీసుకోవద్దని నా మాట.

ఇక కసరత్తు మొదలుపెట్టండి. పక్కకు పడుకోబెట్టి, ఒక్కో వెనక కాలును సైకిలు తొక్కినట్లు మెల్లగా ముడిచి చాపండి, పూటకు పదిసార్లు. వెల్లకిలా మాత్రం తిప్పకండి. అలా తిప్పితే కదలకుండా పడుకుంటుంది, అది హాయి కాదు, భయంతో బిగుసుకుపోవడం. ఆ తర్వాత పొట్ట కింద నుంచి మెత్తటి తువ్వాలు ఉయ్యాలలా వేసి, వెనక భాగం బరువు మీరు మోస్తూ ముందు కాళ్లతో నడవనివ్వండి. పాదాలు నేలకు ఆనాలి, ఒంటి బరువు వాటి మీద పడకూడదు. రెండు నిమిషాలతో మొదలుపెట్టి పెంచండి.

ఒంగోలు గిత్త
మే 17, ఉదయం 8:15

ఇంకొక మాట. మీ ఇంట్లో క్యాన్సరు మందులు వాడేవాళ్లు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు ఉంటే ఆ మూత్రపు గుడ్డలు వాళ్లను ముట్టుకోనివ్వకండి, ఆ పరాన్నజీవి అలాంటి మనుషులకు అరుదుగా సోకుతుంది. మేం గుడ్డలను వేడినీళ్లలో ఉతికి, నేలను బ్లీచింగ్ పౌడరు నీళ్లతో తుడిచేవాళ్లం.

గూడూరు నిమ్మ
మే 21, రాత్రి 8:45

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. మా పొలంలో కుక్కలు తరిమితే కాలు విరిగిన చెవులపిల్లి దొరికింది. పెంచుకుందామని తెచ్చాను. దానికి కూడా ఇవే మందులా?

పొదిలి పశువైద్యుడు
మే 21, రాత్రి 9:10

నాయనా, చెవులపిల్లి, పెంపుడు కుందేలు వేరు వేరు జంతువులు. అది అడవి ప్రాణి, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని ఇంట్లో ఉంచుకోకూడదు. చీకటి పెట్టెలో, చప్పుడు లేని చోట పెట్టి, రేపు పొద్దున్నే అటవీశాఖ వాళ్లకు అప్పగించు. మనిషి చేయి తగిలితేనే బెదిరి చనిపోతుంది, పిల్లలను దగ్గరికి రానివ్వకు.

వేదాయపాలెం వెన్నెల
జూన్ 7, రాత్రి 10:05

ఫెన్‌బెండజోల్ 28 రోజులు నిన్నటితో అయిపోయింది. మధ్యలో ఒకరోజు భయపడ్డాం. రోహిణి కార్తెలో మధ్యాహ్నం మూడు గంటలపాటు కరెంటు పోయింది, జున్ను ముక్కు తడిసి, డొక్కలు ఎగరేస్తూ చదునుగా పడిపోయింది. కావలి వారు చెప్పిన గడ్డకట్టిన సీసా, చెవులకు తడి వేళ్లు, ఆ రెండే కాపాడాయి. అప్పటినుంచి ఫ్రిజ్‌లో ఎప్పుడూ నాలుగు సీసాలుంటాయి.

కాళ్ల సంగతి. ఎడమ కాలు ముడిచి కూర్చుంటోంది. కుడి కాలు ఇంకా పక్కకు జారుతుంది, కానీ తువ్వాలు అక్కర్లేకుండా హాలు ఈ చివర నుంచి ఆ చివరకు వస్తోంది, ఊగుతూ, మధ్యలో రెండుసార్లు కూర్చుంటూ. మూత్రం తిత్తిని నొక్కాల్సిన పని మే నెలాఖరుకే ఆగిపోయింది, తానే ట్రేలోకి వెళ్తోంది. ట్రే ముందు అంచు ఎక్కలేకపోతుంటే నాన్నగారు వేడి కత్తితో ఆ అంచును కోసి వాకిలిలా చేశారు. బరువు 1 కిలో 850 గ్రాములు, తిరుపతి డాక్టరు గారు ఇక్కడ ఆపమన్నారు. నడుము ముళ్లు అలాగే ఉంటాయి, మెలాక్సికామ్ ఇంకా కొంతకాలం వాడాలి, మూడు నెలలకొకసారి మూత్రపిండాలకు రక్తపరీక్ష చేయించాలి.

మార్కాపురం పలక గారూ, ఇది మీకోసం. ఉదయం ఆరింటికి, సాయంత్రం ఆరింటికి, ఒక్క పూట కూడా మానకుండా చూస్తున్నాను. చర్మం తెల్లగా, పొడిగా ఉంది.

మార్కాపురం పలక
జూన్ 7, రాత్రి 10:20

నిజంగా పొడిగా ఉందా? వానలు మొదలయ్యాక కూడా ఆపకండి. మూడుసార్లు చూడండి.

వేదాయపాలెం వెన్నెల
జూన్ 7, రాత్రి 10:32

ఆపను. మీ బుల్లి మీద ఒట్టు.

నిన్న రాత్రి ఇంకొకటి జరిగింది. రెండు గంటలకు మెలకువ వచ్చి చూస్తే, జున్ను ఎడమ కాలి మీద ఒళ్లు ఆనించి, మెడ వంచి, తలను పొట్ట కిందకు దూర్చింది. ఒక్క క్షణం అలాగే ఉండి పైకి లేచి, నోరు ఆడిస్తూ నా వైపు చూసింది. పొద్దున తోక దగ్గర బొచ్చు విడదీసి చూశాను. ఏమీ అంటుకుని లేదు.